జెన్నారో స్వామిని తిట్టాను

నేపుల్స్, సెప్టెంబరు 20

అమ్మా,

నీ అల్లుడికి ఆపరేషన్ బాగా జరిగింది, కంగారుపడకు. నిన్న సబతీనోని లోపలికి తీసుకెళ్లాక ఆసుపత్రిలో కూర్చోలేకపోయాను. జెన్నారో స్వామి రక్తం దాచడానికే కట్టిన ఆ వెండి విగ్రహాల గుడికి వెళ్లాను. నిన్న ఆయన పండగ కదా. ఏటా ఆ రోజున కరగాల్సిన రక్తం సీసాలో గడ్డకట్టే ఉంది, ఎంతకీ కరగలేదు. స్వామికి చుట్టాలమని చెప్పుకునే ముసలమ్మలు ఎప్పటిలాగే ముందువరసలో లేచి, ఆయన బంగారుపూత విగ్రహాన్ని చూస్తూ, "ఓరి పసుపు మొహపోడా, ఇంకా ఎంతసేపు ఏడిపిస్తావురా?" అని అందుకున్నారు. నేనూ గొంతు కలిపాను. నా నోటికి వచ్చింది మాత్రం వేరే. "ఏడాదిపాటు కడుపునొప్పి నా దగ్గర దాస్తావా? నేను నీకు ఏమీ కానా?" అని అరిచాను. పక్కనున్న ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "అది మీ ఆయనకి కదమ్మా. పర్లేదు, కానీయ్, స్వామి అందజేస్తాడు" అంది. కాసేపటికి రక్తం కరిగింది.

సాయంత్రం సబతీనో కళ్లు తెరిచి, "నువ్వు తిడుతున్నట్టు కలొచ్చిందే" అన్నాడు.

ఆయన నీలం చొక్కా పడవలో ఎవరిచేతనైనా పంపు. నిమ్మచెట్లకి నీళ్లు పెడుతున్నావా? మేక ఈనిందా? నీ మోకాలు ఎలా ఉంది? దాచకుండా రాయి. స్వామి నిన్ను చల్లగా చూస్తాడు. లేదంటే ఆయన్ని ఎలా అడగాలో ఇప్పుడు నాకు తెలుసు.

నీ అసుంతా