తీసేశాక వచ్చిన జవాబు

కర్నూలు

లినక్స్ బృందం మిత్రులకు (ఎవరైనా మిగిలి ఉంటే),

పాతకాలపు డిస్కును కంప్యూటరుతో మాట్లాడించే ప్రోగ్రామును ఇన్నేళ్లుగా నేనొక్కణ్ణే చూసుకుంటున్నాను. పాతది పారేసి కొత్తది కొనమనే మార్కెట్ మతం నాది కాదు. కానీ వాడేవాళ్లే లేనిదానికి కాపలా ఎందుకు? శుక్రవారం సాయంత్రంలోగా ఒక్కరైనా "వాడుతున్నాం" అనకపోతే లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్లోంచి తీసేస్తాను.

విసిగిపోయిన,
ప్రేమయ్య

తా.క.: పొగడ్తలు వద్దు. తిట్టినా చాలు.

బద్వేలు, శుక్రవారం

ప్రేమయ్యన్నకు సాజియా సలాములు.

మా చేనేత సొసైటీ ఆఫీసులో కంప్యూటరు మిషను నీ ప్రోగ్రాంతోనే నడుస్తాండాది. చీరల డిజైన్లు దాంట్లో ఉండాయి. తీసేయొద్దన్నా! ఒకటే రోగం. డిస్కు శానా నిదానం. గడువు దాటిందని, డిస్కును అడిగిన పనిని టైమరు రద్దు చేస్తాది. సరిగ్గా అప్పుడే డిస్కు జవాబు తెస్తాది. ఇద్దరూ ఒకే పనిని మూసేయబోతారు, మిషను కూలబడతాది. నేను గడువు రెట్టింపు చేసినా. చూడు.

నీ చెల్లెలనుకో,
సాజియా

తా.క.: పొద్దు గుంకింది. కరెంటు ఇప్పుడే వచ్చె.

కర్నూలు

సాజియా గారికి,

తీసేశాక మీ ఉత్తరం చూశాను. గడువు పెంచడం వైద్యం కాదు, ప్రభుత్వాలు చేసే పని! ఎంత పెంచినా చివరి క్షణం ఒకటుంటుంది, అక్కడే ఇద్దరూ గుద్దుకుంటారు. ఎవరు ముందు గుర్తు వేస్తే పని వాళ్లది, రెండోవాళ్లు చేతులు తీసేయాలి. గుర్తు పడిందా అని చూడటం, లేకపోతే వేయడం ఒకే దెబ్బలో జరగాలి. చూసి, ఆగి వేద్దామంటే ఈలోగా రెండోవాడు వేసేస్తాడు. పని ముగించుకొచ్చినవాణ్ణి గేటు దగ్గరే చచ్చాడని రాసేసే టైమరును వెనకేసుకొస్తారా? మిమ్మల్ని ఏ కంపెనీ పంపింది?

ఏకీభవించని,
ప్రేమయ్య

తా.క.: ఎవరికైనా ఇంత పొడుగ్గా రాసి చాలా కాలమైంది. మెచ్చుకోలు అనుకోవద్దు.

బద్వేలు

అన్నా,

జీతమిచ్చే కంపెనీ ఏదన్నా ఉంటే అడ్రసు చెప్పు, పోతా. నువ్వు చెప్పినట్టే గుర్తు వేసే మాదిరి రాసినా. ఇప్పుడు మిషను పడల్యా. పంపుదామని చూస్తే, నా ఉత్తరం చూసినాంక కూడా కెర్నల్లో ప్రోగ్రామును తిరిగి పెట్టల్యా! టైమరును తిడితివే, నువ్వు చేసిందేమప్పా? నేను జవాబు తెస్తాంటే లేననుకొని మూసేస్తివి.

కోపంతో,
సాజియా

కర్నూలు

సాజియా,

వాదనలో ఓడిపోవడం నాకు అలవాటు లేదు, కనుక ఓడిపోలేదు. ప్రోగ్రామును మీ మార్పుతో సహా తిరిగి పెట్టాను. వాడేది ఒక్కరైనా తీయను. మీ డిజైన్లకు ఢోకా లేదు.

ప్రేమయ్య

తా.క.: ఇంకా తప్పులుంటే రాయండి. ఆదివారాలు ఖాళీ. మిగతా రోజులు కూడా.

బద్వేలు

ప్రేమయ్యన్నకు,

కోపం చేసుకోవద్దు. డిజైన్లు పోయినేడే కొత్త డిస్కుకు ఎక్కించినా. నీ ప్రోగ్రాంతో మాకిప్పుడు పనేం లేదు. మగ్గాలు నిలిచిపోయినాంక ఆఫీసుకు ఎవరూ రారు. ఈ పాత మిషను కటకటమంటాంటే పక్క గదిలో ఎవరో పని చేస్తాండేట్టు ఉంటాది. అందుకే ఆపల్యా. చెప్తే తీసేస్తావని చెప్పల్యా.

సాజియా

తా.క.: నీ ప్రోగ్రాంలో తప్పులు వెతుకుతాండా. దొరక్కపోతే ఒకటి చేసి పంపుతా.