కోడలి పాదాలు

12 జులై 1983, మంగళవారం

పిల్లల కోసం మందులు వాడుతున్న మా కోడలు సరోజ, పోయిన నెల ట్యూబుల పరీక్షకని పోయి, భయంతో బల్ల దిగి పారిపోయింది. ఇవాళ నర్సమ్మను బతిమాలి నేనూ లోపలికి పోయాను. పిల్ల గజగజ వణుకుతోంది. చల్లబడ్డ పాదాలు పట్టుకుని రుద్దాను.

"అయ్యో అత్తమ్మా! నా కాళ్లు నువ్వు పట్టుడేంది? పాపం తాకుతది!"

"ఆ పాపమేదో మేడారంల అమ్మలకు నేను చెప్పుకుంట గని, నువ్వు జర ఊపిరి తీస్కో."

నర్సమ్మతో పాటు సరోజ కూడా నవ్వింది. మా అత్త నా జుట్టు పట్టుకుంది గానీ కాళ్లెప్పుడూ పట్టలేదు.

పరీక్ష అయ్యేదాకా సరోజ బల్ల దిగలేదు. అయ్యాక కూడా పాదాలు వెనక్కి తీసుకోలేదు.

రిపోర్టు శనివారమట. అదెట్లా వచ్చినా వెంట నేనే పోతాను. మావాణ్ని పంపితే గోడలు చూస్తూ నిలబడతాడు, అచ్చం వాళ్ల నాయన లాగే...