కుర్చీ మీద తువ్వాల

అల్ ఖర్జ్, సౌదీ అరేబియా,
12 జులై 1991

మిత్రుడు జనార్దన్‌కు,

నీ ఉత్తరం అందింది. మన హైస్కూల్లో నలభై మూడు మంది పదో తరగతి పరీక్ష రాస్తే నలుగురే పాసయ్యారని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. తిట్టినా బాగుండేది. తెలుగు పండితుడివి, హెడ్మాస్టరు పని చేస్తూ లెక్కలు కూడా నువ్వే చెప్పావట. తప్పినవాళ్లంతా లెక్కల్లోనే తప్పారు. అందులో నా బిడ్డ సృజన కూడా ఉంది.

దాచేదేముంది, ఆ పాపం నాది. ఏడాదిలో వస్తానని జీతం లేని సెలవు పెట్టి వచ్చి, రెండుసార్లు పొడిగించాను. ఉద్యోగం నా పేర ఉన్నన్నాళ్లూ ఇంకో లెక్కల సారును వెయ్యరు. అది తెలిసే, బస్సులో సీటుకు వేసినట్టు ఆ కుర్చీ మీద తువ్వాల వేసి వచ్చాను.

ఇక్కడ పాడి ఫారంలో ఆవుల దాణా లెక్క నాది. ఒక్క కిలో తేడా రానివ్వను. అక్కడ పిల్లలకు భిన్నాలు రావు. యుద్ధమప్పుడు వచ్చెయ్యమని సృజన తల్లి భాగ్యలక్ష్మి ఏడుస్తూ రాస్తే, పాస్‌పోర్టు ఇక్కడి యజమాని కఫీల్ ఇవ్వడం లేదన్నాను. అబద్ధం. నేను అడగనే లేదు.

రాజీనామా ఇందులో పెట్టాను. జిల్లా ఆఫీసుకు పంపు. సృజనకు చెప్పకు.

నీ ప్రభాకర్


9 ఆగస్టు 1991

బాపూ,

పాణం మంచిగుందా? జనార్దన్ సారు నీ ఉత్తరం నాకే ఇచ్చిండు. "నీ బాపు కుర్చీ బిడ్డా. రాజీనామా పంపాల్నా వద్దా, నువ్వే చెప్పు" అన్నడు. సారు మీద కోపం చేసుకోకు.

నేను తప్పింది లెక్కలు రాక కాదు బాపూ. ఏడో తరగతి దాకా నువ్వు చెప్పినవి యాదికున్నయి. పేపరు ఖాళీగా ఇచ్చి వచ్చిన. బిడ్డ తప్పిందంటే దిగి వస్తవనుకున్న.

పోయినేడు కువైట్ నుంచి మన ఊరోళ్లు తిరిగొచ్చినప్పుడు, నువ్వు కూడా వస్తవని క్లాసంతా ఎదురుచూసినం. అక్కడ బాంబులు పడుతుంటే ఇక్కడ సంబరపడ్డం. తప్పే. యుద్ధం ఆగిందని రేడియోల చెప్పిన దినం అమ్మ కొబ్బరికాయ కొట్టింది. మేం క్లాసుల ఏడ్చినం.

తప్పిన ఆడపిల్లలు ఇప్పుడు బీడీలు చేస్తున్నరు. నేను మళ్ల పరీక్ష రాస్త. మా వెనుక తరగతోళ్లకైనా లెక్కల సారు రావాలె. అందుకే పంపుమన్న. కవరు పోస్టు డబ్బాల నేనే వేసిన.

నీ తువ్వాల తీసేసినం బాపూ. ఇంక బడికి రాకున్నా సరే. ఇంటికి రా.

నీ బిడ్డ
సృజన