మానిన నోరు

హైదరాబాదు,
1974 మార్చి

ప్రియమైన సాయమ్మకు, ఏలీయా ప్రేమతో వందనాలు.

కిరాయి గది నుంచి రోజూ దవాఖానకు పోతున్న. నాలుక మీది క్యాన్సరు గడ్డకు కరెంటు పెడుతున్నరు, రేడియేషనంటరు దాన్ని. పెట్టేటప్పుడు ఏమీ తెలియదు. తర్వాతే నోరంతా పుండ్లై, నిప్పులు నమిలినట్టుంటది. కారం, చింతపండు, వేడి చాయ అన్నీ బంద్. ఉప్పు, వంటసోడా కలిపిన చల్లటి నీళ్లతో మాటిమాటికి పుక్కిలించమని నర్సు పుష్పమ్మ వెంటపడుతది. "కరెంటు అయిపోయినంక కూడా కొన్ని వారాలు మండుతది మాస్టారూ, ఓర్చుకోవాలె" అంటది.

మంట ఎట్లనో ఓర్చుకుంట. మాట పోయింది సాయమ్మా. బళ్లో పిల్లల తీరుగ పలక మీద రాసి చూపిస్తున్న. ఈస్టరు దాటంగనే బిడ్డ పెండ్లి. "ఈ కన్యకను ఇచ్చువారెవరు?" అని గుడిలో అయ్యగారు అడిగితే, తండ్రి నోరు విప్పి "నేను" అనాలె గద. అదొక్కటే నా దిగులు.

నీ
ఏలీయా


పటాన్‌చెరు,
1974 మార్చి

ప్రియమైన సుకుమారి నాయినకు, సాయమ్మ వందనాలు.

రాగిపిండి పంపుతున్న. అంబలి పలచగా కాచి, చల్లారినంకనే తాగుండ్రి. ఇక్కడ మేము కూడా కారం మానేసినం. మీ బిడ్డ మూతి ముడుచుకొనే తింటున్నది.

కాబోయే అల్లుడు సుందర్‌రాజు ఫ్యాక్టరీ డ్యూటీ దిగి ఇంటికొచ్చిండు. "మామయ్య నిమ్మలంగ బాగుకానీ, పెండ్లి ఆపుదాం" అన్నడు. పెండ్లి ప్రకటనలు మూడుసార్లు గుడిలో చదివినంక మీరు ఆపనియ్యరని నాకెరుకే. మీకు మాట రాకుంటే మా అన్న లేచి "నేను" అంటడు తీయండి. ముందు కరెంటు పూర్తి చేసుకోండి. నాకు మీరు కావాలె.

మీ
సాయమ్మ


హైదరాబాదు,
1974 ఏప్రిల్

ప్రియమైన సాయమ్మకు,

కరెంటు అయిపోయింది! నోరు మానుతున్నది. మొన్న అంబలి గుటగుటా తాగిన, నిన్న పాలన్నం తిన్న. ఇయ్యాల పొద్దున నీ పేరు గట్టిగా పలికి చూసిన. పక్కగది ఆయన తలుపు తీసి చూసిండు.

మీ అన్నకు చెప్పు, నా బిడ్డను ఇచ్చేటోణ్ణి నేనున్న. శనివారం బస్సుకు వస్తున్న.

నీ
ఏలీయా


పటాన్‌చెరు,
1974 ఆగస్టు

ప్రియమైన సుకుమారి నాయినకు,

మిమ్మల్ని వార్డులో వదిలి వచ్చినప్పటి నుంచి నాకు ముద్ద దిగుతలేదు. గడ్డ మళ్లీ లేచిందని డాక్టరు చెప్పంగనే దేవుణ్ణి నిలదీసిన. బయటికి రాంగనే పుష్పమ్మ నన్ను ఆపింది. "మాస్టారు కరెంటు సగంల ఎందుకు మానేసిండమ్మా? మస్తు ఎదురుచూసినం" అన్నది.

ఇంటికొచ్చి మీ పాత ఉత్తరాలు తీసి చదివిన. అయిపోయినంక కూడా వారాలు మండుతదని మీరే రాసిండ్రు గద. అంత జల్దీ ఎట్ల మానిందని నేను అడగనేలేదు. సంతోషపడ్డ. పెండ్లి విందులో మీ విస్తట్ల కూర వేసి, కారం తగిలిందా అని మురిసిపోయి అడిగిన.

గుడిలో మీరు "నేను" అంటే వెనక బెంచీల దాక వినబడ్డది. సుకుమారి ముసుగులో ఏడ్చింది. నాకెంత గర్వమైందో.

నిన్న అయ్యగారి ఇంటికి పోయిన. తండ్రికి మాట రాకుంటే పెండ్లి ఎట్ల చేస్తరని అడిగిన. ఆయన వింతగా చూసిండు. "బిడ్డ చేయి తెచ్చి నా చేతిలో పెడితే చాలమ్మా. తల ఊపినా సరే. మూగోళ్ల బిడ్డలకు పెండ్లిళ్లు చేయలేదా నేను?" అన్నడు.

ఒక్కసారి పోయి అడిగితే అయిపోయేది. మీరు అడగలే, నేనూ అడగలే.

మీ మీద కోపం ఉన్నది. బతికినన్నాళ్లు ఉంటది. మళ్లీ కరెంటు పెట్టి చూస్తమన్నరు, పని చేస్తదో లేదో చెప్పలేమన్నరు. రేపటి బస్సుకు వస్తున్న. ఉప్పు, సోడా మూట కట్టిన. ఈసారి మీ పక్కనే కూసుంట. నోరు మండనీయుండ్రి, మాట పోనీయుండ్రి. నేను పిలిచినప్పుడు తల ఊపుండ్రి, నాకు చాలు.

మీ
సాయమ్మ