ఆమెన్ లేని సాక్ష్యం

మార్చి 3, ఆదివారం

మందిరంలో ఇవాళ మా ఇంటి కోసం స్పెషల్ ప్రార్థన. మెడికల్ బోర్డు బాపును అన్‌ఫిట్ చెయ్యాలని! ఆయన గని దిగలేడని డాక్టర్లు రాస్తే ఆ నౌకరి కన్నబిడ్డగా నాకొస్తుంది. లోకమంతా ఆరోగ్యం ఇమ్మని దేవుణ్ణి అడుగుతుంది. మా గోదావరిఖనిలో రోగం ఇమ్మని అడుగుతాం. నేనూ కళ్ళు మూసుకుని గట్టిగానే అడిగాను. డిగ్రీ చేసి సెల్‌ఫోన్ షాపులో స్క్రీన్‌గార్డులు అతికిస్తున్నదాన్ని, నాకు సిగ్గెందుకు?

పక్కింటి కనకవ్వ కొడుక్కి నిరుడు ఇట్లాగే నౌకరి వచ్చింది. ఊపిరాడక దమ్ము వస్తుందని చెప్పు తమ్మీ, నాలుగు మెట్లెక్కి కూలబడు, గంతే అని బాపుకు ట్రైనింగ్ ఇచ్చింది. బాపు నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మార్చి 12

ఫిట్.

మార్చి 13

నిన్న రాయబుద్ధి కాలేదు. దమ్ము వస్తదా అని డాక్టరు అడిగాడట. రాదు సార్, దేవుని దయతోని మంచిగున్న అన్నాడట మా సత్యహరిశ్చంద్రుడు.

నన్ను కన్న అవ్వ పొయ్యి ముట్టించలేదు. గట్లెందుకు చెప్పినవ్, బిడ్డ బతుకు ఆగం చేసినవ్ అని ఏడ్చింది. ప్రార్థన చేసుకొని పోయిన నోటితోని అబద్ధమెట్ల ఆడాలె అన్నాడు బాపు. నీ ప్రభువు నాకు జీతమిస్తాడా అని అడిగేశాను. బాపు టిఫిన్ డబ్బా కడుక్కుని సెకండ్ షిఫ్టుకు పోయాడు.

మార్చి 17, ఆదివారం

దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలప్పుడు బాపు లేచాడు. పరీక్షల నిలబెట్టిండు, పడిపోకుంట గెలిపించిండు, దేవునికి స్తోత్రం అని కూర్చున్నాడు.

మా మందిరంలో జ్వరం తగ్గిందన్నా, బర్రె ఈనిందన్నా రేకులు ఎగిరేలా ఆమెన్ అంటారు. ఇవాళ ఫ్యాన్ల చప్పుడే. ఏం గెలిచిండట అని వెనక ఎవరో గొణిగారు. పాస్టరయ్య గబగబా పాట ఎత్తుకున్నాడు. బాపు ఆడవాళ్ళ వైపు తిరిగి నన్ను చూశాడు. నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను. ఆయనకివ్వడానికి నా దగ్గర కూడా ఆమెన్ లేదు.

ఏప్రిల్ 19

మొదటి షిఫ్టులో గని పైకప్పు కూలింది. బాపు.

ఏప్రిల్ 27

దవాఖానలో బట్ట తీసి చూపించారు. ముఖమంతా బొగ్గు. కడుగుతానన్నాను, ఇప్పుడు కాదన్నారు.

నెలకు పైగా ఆయనతో మాట్లాడలేదు నేను. అన్నం పెట్టినా గిన్నె చప్పుడు చేసి పెట్టాను. రోగం ఇమ్మని అడిగిన నోరు ఇది. దీన్ని ఏం చేసుకోను?

జూలై 30

ఆర్డర్ వచ్చింది. బాపు పోయినందుకు ఆయన నౌకరి నాకు.

కనకవ్వ స్వీట్లు తెచ్చింది. దేవుడు ఆలస్యం చేసిండు గాని ఇచ్చిండు బిడ్డా అంది. ఆమె వెళ్ళాక స్వీట్ల డబ్బా మురికి మోరీలో పడేశాను. సాయంత్రం పాస్టరయ్య ఫోన్. ఆదివారం సాక్ష్యం చెప్పాలె యమునా, నీ విజయం నలుగురికి ఆశీర్వాదం అన్నాడు. సరే అన్నాను.

ఆగస్టు 4, ఆదివారం

రేపటి నుంచి డ్యూటీ.

మైకు చేతికిచ్చారు. మార్చిలో మా బాపు చెప్పిన సాక్ష్యానికి ఆమెన్ అని మైకు తిరిగిచ్చేశాను.