చాటకు పూసిన పుస్తకం

సూర్యాపేట,
14-3-1949

నా ప్రాణమైన మీకు,

మీరు మూడు ఉత్తరాల్లో అడిగిన మాటకు ఇవాళ జవాబు రాస్తున్నాను. మీ విమానం పుస్తకం పెట్టెలో లేదు. వెతుకుతున్నానని రెండుసార్లు రాసింది అబద్ధం.

పోయిన ఎండాకాలం, మీరు మద్రాసు వర్క్‌షాపుకు వెళ్ళాక, మన వీధిలో రజాకార్ల సోదాలు మొదలయ్యాయి. పక్కింటి గోపయ్య మామ దగ్గర ఏవో గీతలున్న కాగితం దొరికితే, కమ్యూనిస్టుల సంఘం వాళ్ళదని ఆయన్ని పట్టుకుపోయారు. రజాకార్లు పోయినా ఆయన ఇంకా జైలు నుంచి రాలేదు. మీ పుస్తకం నిండా గీతలే. తేదీలు, గంటలు, ఊళ్ళ పేర్లు, పక్కన మీకు నేర్పిన ఇంగ్లీషు దొర సంతకాలు. నాకు ఇంగ్లీషు రాదు, వాళ్ళకు మాత్రం వస్తుందా? "పొయ్యిల పెడితే పొగ సూస్తరే. ఏం జేస్తవో జల్ది జెయ్యి" అన్నది అత్తమ్మ. అప్పటికే చాటకు పూయడానికి పాత కాగితాలూ మెంతులూ నానేసి ఉన్నాయి. మీ పుస్తకం చింపి అందులో వేశాను. రోట్లో రుబ్బింది నేనే, పూసింది నేనే. నాలుగోనాడు వాళ్ళు వచ్చి పెట్టె బోర్లించారు. ఆ చాటలో వడ్లు కూడా కింద పోసి చూశారు.

ఇంగ్లండులో మీరు ఎగిరిన నూటపన్నెండు గంటలు ఇక్కడి లైసెన్సుకు లెక్కలోకి రావాలంటే ఆ పుస్తకమే చూపాలన్నారని రాశారు. పగలంతా మెకానిక్ పని చేసి, సెలవు రోజుల్లో నేర్చుకున్న గంటలవి. ఆనాడే చెప్పాల్సింది. మీరు నన్ను వదిలేస్తారని భయపడ్డాను. ఇప్పుడూ భయంగానే ఉంది.

తిట్టండి, కానీ ఉత్తరం రాయడం మానకండి.

మీ సరోజ

మద్రాసు,
20-6-1949

సరోజా,

మానొద్దన్నావు, మూడు నెలలు మానేశాను. కోపం వచ్చింది. పుస్తకం పోయినందుకు కాదు, నన్ను నమ్మనందుకు.

ఇంగ్లండుకు రాసి చూశాను. నాకు నేర్పిన స్కూలు మూతపడిందట, రిజిస్టర్లు ఎక్కడున్నాయో తెలియదట. ఇక్కడి లైసెన్సు ఆఫీసు వాళ్ళు మర్యాదగానే చెప్పారు. పుస్తకం లేకపోతే నేను ఒక్క గంట కూడా ఎగరనట్టే. మళ్ళీ మొదటి నుంచి నేర్చుకునే స్తోమత మనకెక్కడిది? ఇగ ఖతం.

మొన్న అమ్మ రాయించిన ఉత్తరం వచ్చింది. గోపయ్య మామ జైల్లోనే పోయాడట. అది చదివి చాలాసేపు ఏడ్చాను. ఆ పుస్తకం దొరికి ఉంటే, ఇంట్లో ఉన్న మగమనిషి మా నాన్నే కదా. నువ్వు రుబ్బింది ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళు రాయనందుకు నన్ను క్షమించు.

నాన్నకు మాత్రం కళ్ళ పరీక్షలో తప్పానని రాశాను. తన ప్రాణం కోసమే నా గంటలు పోయాయని తెలిస్తే ఆయన తట్టుకోలేడు. నువ్వూ అదే చెప్పు, అమ్మనూ అదే చెప్పమను.

మిర్యాలగూడ బియ్యం మిల్లులో ఇంజిను చూసే పని దొరికింది. శనివారం బెజవాడ మీదుగా కోదాడ చేరి, అక్కడ బస్సెక్కి వస్తాను.

ఆ చాట వాడుతున్నావు కదూ? వాడు. కానీ నేను వచ్చేదాకా దానిమీద కొత్త పూత వేయకు. ఒక్కసారి చేత్తో తడిమి చూసుకుంటాను.

నీ లాజరు