ఆరు పళ్ల బిడ్డ

1994 అక్టోబరు 11, మంగళవారం

అమ్మకు,

నీ చేతిని ముద్దుపెట్టుకుని స్తమాటియా రాస్తున్నది. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. అక్కడ నువ్వూ, నీ అల్లుడు ఆర్గిరిసూ కులాసాగా ఉన్నారనీ, నీ మోకాళ్లు కాస్త నెమ్మదించాయనీ తలుస్తాను. నీ ఉత్తరం పదకొండు రోజులకు చేరింది. ఈ బల్గేరియాలో ఉత్తరాలు కూడా కోర్టు వాయిదాల్లాగే నడుస్తాయి.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. తిండికి లోటు లేదు. గది అద్దెకిచ్చినావిడ రోజూ చిక్కుడుగింజల చారు పోస్తుంది, మనం పోసినంత ఆలివ్ నూనె మాత్రం పోయదు. మన దీవి వాళ్లెవరూ నా కంటపడలేదు. నేను సలోనికాలో పిన్ని ఇంట పురుడు పోసుకున్నాననీ, బిడ్డకు నలతగా ఉండి అక్కడే ఆగిపోయాననీ నువ్వు ఊళ్లో చెప్పిన మాట చెక్కుచెదరలేదు. నువ్వు అల్లి పంపిన మేజోళ్లు నేదాకు మడమ కూడా దాటలేదు. వాటిని చూసి ఇక్కడి అనాథాశ్రమం ఆయా స్తోయాంకా, ఇవి బిడ్డకా బొమ్మకా అని వెక్కిరించింది. ఆమె నాయనమ్మది మన గ్రీసు దేశమేనట, మన భాష వచ్చు. అందుకని ఆమె వెక్కిరింపులన్నీ నాకు అర్థమవుతాయి.

పళ్లెన్ని అని అడిగావు. ఆరు. నోరు తెరవకుండా చూసుకుంటే నాలుగు నెలల పిల్లే అని నమ్మించలేమా అని కూడా అడిగావు. పదమూడు నెలల పిల్ల అమ్మా అది. నన్ను చూస్తే నవ్వుతుంది. నవ్వే పిల్ల నోరు ఎలా మూసేది?

అబద్ధమాడితే అతికినట్టుండాలని నువ్వే అంటావు. బాగానే అతికావు. కూతురు గొడ్రాలని ఎవరూ అనకూడదని, నెలకొకటి చొప్పున ఉన్ని కూరి దిండ్లు కుట్టావు. చర్చి దగ్గర ఆడవాళ్లు నా పొట్ట మీద చెయ్యి వేయబోతే దిష్టి తగులుతుందని అడ్డం నిలబడ్డావు. మేలో ఎనిమిదో నెల దిండుతో పడవెక్కాను. ఒడ్డున నువ్వు ఏడ్చిన ఏడుపు చూసి నాకే నిజమనిపించింది.

జూన్‌లో మనకని చూపించిన పసిగుడ్డును కన్నతల్లి మనసు మార్చుకుని తీసుకుపోయింది. తప్పు పట్టలేను. కానీ అప్పటికే నువ్వు ఆడపిల్ల పుట్టిందని ఊరంతా బాదం మిఠాయి పంచేశావు. ఆ తర్వాత ఇక్కడి దత్తత ఆఫీసరమ్మ నాకు నేదాను చూపించింది. అప్పటికి దానికి తొమ్మిది నెలలు. నాలుగు నెలలు రోజూ వెళ్లి అన్నం పెట్టాను, నీళ్లు పోశాను, ఒళ్లో నిద్రపుచ్చాను. మొదట్లో ఎవరెత్తుకున్నా ఒకటే దానికి. ఆగస్టు నుంచి నేను వెళ్లేవేళకు తలుపు వైపు తిరిగి కూర్చునేది.

పోయిన ఉత్తరంలో నువ్వు రాసింది నాకు కంఠతా వచ్చేసింది. "ఇంకా చిన్నదాన్ని చూడవే. ఆ పళ్ల పిల్లను చంకనేసుకుని దిగావంటే నేను ఊళ్లో తలెత్తుకోలేను. అట్టా వచ్చేదానివైతే రావద్దు." నీ అల్లుడు కింద రెండు ముక్కలు కలిపాడు: మీ అమ్మ ఎట్టా చెబితే అట్టా చెయ్యి, మేకలు బాగున్నాయి.

ఇక రాయకుండా దాటేసిన సంగతి. నిన్న కోర్టు పిలిచింది. ఇన్నాళ్ల వాయిదాల తర్వాత అంతా అయిదు నిమిషాల పని. ఈ బిడ్డను నీ బిడ్డగా కోరుకుంటున్నావా అని జడ్జి అడిగాడు. అవునంటే సంతకం పెట్టేవాడు.

నేను వద్దన్నాను. నాకు ఇంకా చిన్నది కావాలన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. "ఇది బట్టల కొట్టు కాదమ్మా" అన్నాడు. కాగితాలు మూసేశారు. కోర్టులో ఒకసారి వద్దన్నవాళ్లకు మళ్లీ ఏ బిడ్డనూ చూపించరని బయటికి వచ్చాక ఆఫీసరమ్మ చెప్పింది. చిన్నదీ లేదు, పెద్దదీ లేదు. నీ మీద కోపంతో ఒళ్లు మండిపోతోంది అమ్మా. కానీ అక్కడ నువ్వు లేవు, ఆర్గిరిస్ లేడు. ఆ మాట అన్న నోరు నాది. నా మీద అసహ్యం అంతకంటే ఎక్కువ.

ఊళ్లోవాళ్లకు బిడ్డ పోయిందని చెప్పు. వేరే దారి లేదు. బాప్తిజం కాని బిడ్డకు చర్చిలో గంట కొట్టరు, పోయినవాళ్ల పేరిట పంచినట్టు గోధుమలు ఉడికించి పంచరు కాబట్టి నీకు ఆ శ్రమ కూడా ఉండదు. సంతాపపు నల్లబట్టలు ఎటూ కట్టుకునే ఉంటావు. జాలిపడి వచ్చినవాళ్లకు నువ్వే కాఫీ పెట్టు. నేను వాళ్ల ముందుకు రాను.

ఇవాళ పొద్దున, దానికోసం కొని ఉంచిన బూట్లు ఇద్దామని వెళ్లాను. స్తోయాంకా గుమ్మంలోనే అందుకుంది. కోర్టు సంగతి ఆమెకు అప్పటికే తెలుసు. ఒక్కసారి చూసి వెళ్తానన్నాను. వెక్కిరిస్తుందనుకున్నాను, వెక్కిరించలేదు.

"లోపలికి రామాకు తల్లీ," అంది మెల్లగా. "నిన్న సాయంత్రం మంచం పట్టె వదిలేసి నాలుగడుగులు వేసింది. నిన్ను చూసిందంటే నడుచుకుంటూ నీ కాడికే వచ్చేస్తది."

వెనక్కి వచ్చేశాను. ఈ ఉత్తరం నీకు ముందు చేరాలి కదా, ఈ నెల 29, శనివారం పడవకు దిగుతాను. ఎవరినీ ఎదురు పంపవద్దు.

ఇట్లు,
నీ మాట జవదాటని కూతురు
స్తమాటియా